ఐసుపెట్టె కింద మంట

ఎలిశబెతు ఈతలపాళేనికి తిరిగి రావాలంటే, ఆమెకంటే ముందు ఆమె మందుకు ఆ ఊళ్ళో చల్లటి చోటు కుదరాలి. నెల్లూరు డాక్టరమ్మ పెట్టిన షరతు అది.

ఎలిశబెతు టీచరు ట్రెయినింగు ముగించి సొంత ఊళ్ళోనే మిషను బడిలో చేరింది. చేరిన మరుసటి ఏడు చక్కెర జబ్బు బయటపడింది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి, అది తప్పితే ప్రాణానికి పూచీ లేదన్నారు. సూది వేసుకోవడం ఆమె తొందరగానే నేర్చుకుంది. మందు దాచుకోవడమే కుదరలేదు. ఊళ్ళో కరెంటు లేదు. కోట అనే పెద్ద ఊరికి తూర్పున, ఇసక దిబ్బల పక్కన ఉన్న ఊరు. తడి ఇసకలో కూజా పాతి, అందులోకి సీసా దించి, పైన తడిగుడ్డ కప్పేది. చలికాలం అట్లాగే గడిచిపోయింది. ఏప్రిలు ఆఖరుకు ఎండలు ముదిరి కూజాలో నీళ్ళే వెచ్చబడ్డాయి. తేటగా ఉండవలసిన మందులో సన్నటి నలకలు తేలాయి. వేరే సీసా లేదు కాబట్టి ఎలిశబెతు అదే వేసుకుంది. ఆ వారంలోనే, బోర్డు మీద లెక్క వేసి పిల్లల వైపు తిరగబోతూ కూలిపోయింది.

అప్పటినుంచి ఏడాదిగా నెల్లూరులో పెద్దమ్మ రెబెక్కమ్మ ఇంట్లో ఉంటోంది. ఉదయం, సాయంత్రం ఆసుపత్రికి నడిచి వెళ్ళి, అక్కడి చల్లపెట్టెలోంచి మందు తీయించి సూది వేయించుకుని వస్తుంది. పెద్దమ్మ మంచిదే. కానీ చదువుకుని ఉద్యోగం చేసిన పిల్ల ఒకరింట్లో కూర్చుని బియ్యం ఏరుతూ ఎన్నాళ్ళుంటుంది? ఈలోగా బడి మేనేజరు కబురు పంపాడు. 1961 జూన్‌లో బడి తెరిచేనాటికి ఆమె వస్తే ఉద్యోగం ఆమెది. రాకపోతే ఆ చోట్లో ఇంకొకరిని వేస్తారు.

ఆ మే నెలలోనే నెల్లూరులో ఆడపిల్లల హాస్టలు చూసే దొరసానమ్మ వయసు మీరి స్వదేశానికి వెళ్ళిపోతూ సామాన్లు పంచింది. కరెంటు రాకముందు ఆమె బంగళాలో వాడిన కిరసనాయిలు ఐసుపెట్టె ఒకటి గోదాములో పడి ఉంది. ఎలిశబెతు సంగతి తెలిసి దాన్ని ఆమెకే ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. ఎలిశబెతును గోదాముకు పిలిచి, పెట్టె వెనక్కి తీసుకువెళ్ళి, అడుగున దీపం, దానిమీదుగా పైకి పోయే పొగగొట్టం చూపించి, తన ముద్ద తెలుగులో చెప్పింది.

"నిలబెట్టి తీసికొని పోవలెను. పండబెడితే మళ్ళీ ఒక దినము నిలబడవలెను, అప్పుడే దీపము. నేల సమముగా ఉండవలెను. గాలి రావలెను, పోవలెను. మంట నీలము. పసుపు పచ్చ అయితే నువ్వు జాగ్రత్త."

ఎలిశబెతు ఆ మాటలు ఆమె చెప్పినట్టే చెప్పి చూపించింది. దొరసానమ్మ నవ్వి, తన థర్మామీటరు ఒకటి కూడా చేతిలో పెట్టింది.

పెట్టెను చేర్చే పని అన్న హెబ్రోను మీద పడింది. హెబ్రోను బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మాన్. రైలింజనుకు బొగ్గు వేసి నిప్పు రగిలించే ఉద్యోగం. చెల్లెలి కోసం సెలవు పెట్టి వచ్చాడు. కోటదాకా లారీలో పెట్టెను నిలబెట్టి, తాళ్ళతో కట్టి, పక్కనే నిలుచుని తెచ్చాడు. కోటలో కామాక్షయ్య ఎద్దుల బండి మీదికి మార్చారు. అక్కడినుంచి బాట గతుకులు. కాలవ కట్ట ఎక్కేటప్పుడు పెట్టె అటూ ఇటూ ఊగింది.

"అబ్బయా, ఇది పడిందంటే ఎద్దుల మీద పడతాది. నీ పెట్టె సంగతి నాకు తెలవదు, నా ఎద్దులకి పెళ్ళాం బిడ్డలు ఉండారు," అన్నాడు కామాక్షయ్య.

హెబ్రోను గడ్డి పరిచి పెట్టెను పండబెట్టేశాడు.

ఊరి ముందర ఇసకలో బండి దిగబడింది. పొలాల నుంచి వస్తున్న నలుగురిని పిలిచి, వెదురు బొంగులు కట్టి, పండబెట్టినట్టే పెట్టెను భుజాల మీదికి ఎత్తారు. పొద్దు వాలుతోంది. మనిషి పొడుగున్న తెల్లటి పెట్టె. ఐసుపెట్టె వస్తోందని ఊరికి తెలుసు గానీ, అది ఇంత ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ముందు తల వంచుకుని ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ హెబ్రోను. ఎదురైన మగవాళ్ళు తలగుడ్డలు తీసి పక్కకు నిలబడ్డారు. ఎవరని అడగడానికి నోరు రాలేదు. కృపాదానం తాత తన అరుగు మీద లేచి నిలుచుని, భూస్థాపన నాడు పాడే కీర్తన ఎత్తుకున్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు.

ఆ పాట విని ఎస్తేరమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చింది. కూతురు నెల్లూరులో జబ్బుతో ఉంది. కొడుకు ముందు నడుస్తున్నాడు. వెనక తెల్లపెట్టె. ఆమెకు ఇంకేం కనిపించలేదు.

"నా తల్లే! నా బిడ్డే!" అని ఇసకలో కూలబడింది.

"అమ్మా, ఇది ఐసుపెట్టెమ్మా! ఐసుపెట్టె!" అని హెబ్రోను అరిచినా ఆమెకు వినపడలేదు. బొంగులు మోస్తున్న వాళ్ళు దించాలో నడవాలో తెలియక నిలబడిపోయారు. కోట బస్సు దిగి వెనక నడిచి వస్తున్న ఎలిశబెతు, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తి వచ్చి తల్లిని పట్టుకుంది.

"అమ్మా, నేను ఈడ్నే ఉండా. చూడు. ముట్టుకొని చూడు."

ఎస్తేరమ్మ కూతురి మొహమంతా తడిమి చూసింది. తర్వాత లేచి కొడుకు వీపు మీద చరిచింది. "నీ మొహం మండా! పెట్టెని అట్టనేనా తెచ్చేది? ఇంటికి తెచ్చే వస్తువా, గుంటకి మోసే వస్తువా?"

కృపాదానం తాత పాట ఆపి, "నాకేం తెలుసమ్మే, పెట్టె చూస్తే అట్ట ఉండాది. గొంతులోకి పాట దానంతట అదే వచ్చినాది," అన్నాడు. అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ నవ్వలేదు. ఆ పెట్టె ఇంట్లోకి వచ్చేటప్పుడు గడపకు పక్కగా నిలబడి, దానికి చీర కొంగు తగలకుండా చూసుకుంది.

ఆ సాయంత్రమే ప్రార్థన అని ముందే అనుకున్నారు. ఆ పాళెంలో కొత్త గేదె వచ్చినా, కొత్త కుట్టుమిషను వచ్చినా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యనిదే వాడుకలో పెట్టరు. ప్రార్థన జరుగుతుండగానే పాలు పిండాలి, మిషను తొక్కాలి. క్రీస్తుదాసు అయ్యగారు కోట నుంచి సైకిలు మీద వచ్చి కూర్చుని ఉన్నారు. జనం ఒక్కొక్కరే చేరారు. చలి పుట్టించే యంత్రమని విన్నారు కాబట్టి ముసలివాళ్ళు దుప్పట్లు తెచ్చుకున్నారు. పక్కింటి చెంచమ్మ వీళ్ళ మతం కాదు గానీ, పాలు పోసే ఇల్లు కాబట్టి ఆమె కూడా వచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

"ఎస్తేరక్కా, మంట పెడితే ఐసు వస్తాదంట గదా. మా ఇంట్లో పొద్దస్తమానం మంటే. ఒక్కనాడైనా వచ్చినాదా?" అంది.

"నీ పొయ్యికి ప్రార్థన చెయ్యలా, అందుకు," అన్నారెవరో.

ఎలిశబెతు పెట్టె వెనక్కి వెళ్ళి గొట్టాల దగ్గర వాసన చూసింది. ఎక్కడైనా పగిలి ఉంటే కళ్ళు మండే ఘాటు వస్తుందని దొరసానమ్మ చెప్పింది. అదేమీ లేదు. అప్పుడు అన్నను పక్కకు పిలిచింది.

"అన్నా, పండబెట్టి తెచ్చినావు గదా. రేపు సాయంత్రందాకా ఇది నిలబడి ఉండాల. లోపల గొట్టాల్లో ఉండే నీళ్ళు, చలి పుట్టించే మందు సర్దుకోవాల. ఈ పొద్దు వెలిగించొద్దు."

"రేపు సాయంత్రానికి నేను డ్యూటీలో ఉండాలమ్మే. నేను పోతే ఎవురు వెలిగిస్తారు, నువ్వా?"

"నేనే వెలిగిస్తా."

"ఏందీ, నేను ఇంజనుకు నిప్పు పెట్టేవాణ్ణి. ఇంత దీపం వెలిగించలేనా? అయ్యగారు వచ్చినారు, ఇంతమంది కూర్చోనుండారు. రేపు రండి, ఈ పొద్దు పొండి అంటే ఎట్టుంటాది?"

ఎలిశబెతు అయ్యగారి వైపు చూసింది. ఆయన గడియారం చూసుకుంటున్నారు. చీకటి పడకముందే సైకిలు మీద కోట చేరాలి ఆయన. ఏడాదిగా ఈ ఇంటికోసం మొహం వాచి ఉన్న ఎలిశబెతుకు కూడా, పెట్టె పనిచేస్తే చూడాలని లోపల ఉబలాటంగానే ఉంది. ఆమె పెట్టె దగ్గరినుంచి పక్కకు తప్పుకుంది.

హెబ్రోను అడుగునున్న తొట్టి నింపి, వత్తి వెలిగించి లోపలికి తోశాడు. సముద్రపు గాలి కిటికీలోంచి విసురుగా వచ్చి మంట రెపరెపలాడింది. అతను కిటికీలు రెండూ మూశాడు. "చలి బయటికి పోకుండా తలుపు కూడా వెయ్యండి," అన్నారు కూర్చున్న వాళ్ళు. చెంచమ్మ వీపుతోనే తలుపు నెట్టింది. ఎవరో సందులో గోనెసంచి కూడా కుక్కారు. పాట మొదలయింది.

పాట అయింది. బైబిలు వాక్యం అయింది. హెబ్రోను మధ్యలో లేచి పెట్టె తలుపు తీసి చెయ్యి పెట్టి చూశాడు. లోపల కూడా గదిలో ఉన్నంత ఉడుకే. నిప్పు చాలలేదనుకున్నాడు. ఇంజనులో ఆవిరి దిగితే బొగ్గు ఎక్కువ వెయ్యాలి, చేతికి అలవాటైన పని అది. వత్తి పైకి తిప్పాడు. మంట పసుపు పచ్చగా ఎగిసింది. మళ్ళీ కాసేపటికి ఇంకొంచెం తిప్పాడు. గది ఉడికిపోతోంది. దుప్పట్లు తెచ్చుకున్న వాళ్ళు వాటితోనే చెమట తుడుచుకుంటున్నారు. అయినా ఎవరూ లేవలేదు. అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు, కళ్ళు మూసుకుని అందరూ తల వంచి ఉన్నారు.

ఎలిశబెతుకు తల బరువెక్కింది. కణతలు అదురుతున్నాయి. కడుపులో తిప్పుతోంది. గోడ పట్టుకోబోయి పట్టు తప్పింది.

ఎస్తేరమ్మ గభాలున లేచింది. "అయ్యో, దీనికి మళ్ళీ వచ్చినాది! చక్కెర దిగిపోయినాది! చెంచమ్మా, ఆ బెల్లం నీళ్ళు ఇట్టా తే!"

సూది మందు ఎక్కువైనా, తిండి తక్కువైనా చక్కెర దిగి కళ్ళు తిరుగుతాయి, అప్పుడు తీపి పట్టాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చెంచమ్మ గది మూలనున్న బెల్లం నీళ్ళ గ్లాసు అందుకుని తెచ్చింది. తల్లి నోటిదగ్గర పెట్టింది.

"తాగు బిడ్డా, తాగు. నేను అనుకుంటానే ఉండా. ఇది ఊళ్ళో బతికే జబ్బు కాదు. రేపే నిన్ను నెల్లూరు పంపిస్తా. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు."

ఎలిశబెతు గ్లాసు పట్టుకుంది, తాగలేదు. చక్కెర దిగడం ఆమెకు కొత్త కాదు. అప్పుడు చెమట చల్లగా పోస్తుంది, చేతులు వణుకుతాయి, రాయి దొరికినా తినేంత ఆకలి వేస్తుంది. ఇప్పుడు ఆకలి లేదు. సాయంత్రం సరిగ్గానే తిన్నది. కణతల దగ్గర ఈ పోటు ఎప్పుడూ లేదు. ఆమె చుట్టూ చూసింది. చెంచమ్మ నుదుటి మీద అరచెయ్యి అదుముకుని నిలబడి ఉంది.

"చెంచమ్మక్కా, నీకు తల నొస్తా ఉండాదా?"

"అవునమ్మే. ఇందాకటినుంచీ పగిలిపోతా ఉండాది. నాకెక్కడిది నీ జబ్బు?"

"అమ్మా, నీకు?"

"నా సంగతి ఎందుకిప్పుడు? నాకు వాంతి వచ్చేటట్టు ఉండాది. నిన్ను చూస్తే రాదా మరి?"

"అయ్యగారూ, మీకు?"

క్రీస్తుదాసు అయ్యగారు కళ్ళు తెరిచారు. "నాకూ నొప్పిగానే ఉందమ్మా. ప్రార్థన మరీ పెద్దది చేసినానేమో అనుకుంటున్నా."

ఎలిశబెతు గ్లాసు కింద పెట్టేసింది. పెట్టె వెనక చూసింది. పసుపు పచ్చటి మంట కొసన నల్లటి మసి. గోడంతా నలుపు పాకింది.

"అందరూ బయటికి! తలుపు తియ్యండి, కిటికీలు తియ్యండి. ఇది నా జబ్బు కాదు, పొగ! మనం పీల్చే గాలి చెడిపోయినాది. లెయ్యండి, లెయ్యండి!"

బళ్ళో పిల్లల్ని లేపినట్టు గొంతెత్తి అరిచింది. గోనెసంచి లాగి తలుపు తీశారు. జనం వసారా దాటి ఇసకలో పడ్డారు. హెబ్రోను వత్తి దించి, దీపం ఆర్పి, తానూ తూలుకుంటూ బయటికి వచ్చాడు. ఒక్క కృపాదానం తాత మాత్రం గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ఆయన ఏ ప్రార్థనలోనైనా నిద్రపోతాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఎలిశబెతు వెనక్కి తిరిగి చూసి భుజం కుదిపింది. తల పక్కకు వాలిపోయింది.

"అన్నా! తాత నిద్రపోలా! పట్టు!"

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చంకల కింద చేతులు వేసి తాతను బయటికి లాగారు. ఇసకలో పడుకోబెట్టి, గుడ్డలు వదులు చేసి, జనాన్ని దూరం తోశారు. సముద్రపు గాలి తగులుతూ ఉంటే ఆయన దగ్గాడు, కక్కుకున్నాడు, తర్వాత కళ్ళు తెరిచి చుట్టూ మూగిన మొహాలు చూసి, "ఆమెన్" అన్నాడు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. అయ్యగారు ఇసకలోనే మోకరించారు, ఈసారి పొట్టిగా ముగించారు.

తలనొప్పులు తగ్గి జనం ఇళ్ళకు వెళ్ళాక ఎస్తేరమ్మ మాట తేల్చేసింది.

"హెబ్రోనూ, ఆ దిష్టి పెట్టెని తీసకపొయ్యి సముద్రంలో పారెయ్యి. ఇంట్లోకి వచ్చేటప్పుడే నా బిడ్డ శవం మాదిరి వచ్చినాది. వచ్చినాక ఊరినే చంపబోయినాది. ఎలిశబెతు రేపు బస్సుకి నెల్లూరు పోతాది."

హెబ్రోను తల వంచుకుని, మసి అంటిన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "నేనే అమ్మా. అది వద్దు వద్దంటానే ఉన్నాది."

"ఎవురైతే ఏం? పెట్టె పెట్టే గదా!"

"అమ్మా," అంది ఎలిశబెతు. "నేను నెల్లూరు పోతే ఇంక రాను. బడి తెరిచినాక నా చోట్లో ఇంకొకరు ఉంటారు. పెద్దమ్మ ఇంట్లో ఎన్నాళ్ళుంటా? నువ్వు చెప్పు."

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు పొయ్యి మీద అన్నం మాడ్చినావనుకో. పొయ్యిని పారేస్తావా?"

"నా పొయ్యికి తలుపులు వేసుకొని కూర్చోంటానా నేను?"

"అదే నేను చెప్పేదీ! అదే జరిగినాది!" అంటూ ఎలిశబెతు తల్లి పక్కన కూర్చుంది. "ఏతం చూసినావు గదా. బావిలో నీళ్ళు తోడి బయట పోస్తాది. ఈ పెట్టె కూడా అంతే. లోపలుండే వేడిని తోడి బయట పోస్తాది. తోడేదానికి మనిషి ఉండాల గదా, ఆ మనిషి పని మంట చేస్తాది. లోపల చల్లబడాలంటే బయట వేడి పడాల్సిందే. తోడిన నీళ్ళు పొయ్యే కాలవకి మనం కట్ట వేసినాం. మంట ఊపిరికి అడ్డం పడినాం. పైగా పండబెట్టి తెచ్చి, కూర్చోపెట్టకుండానే తోడు తోడు అన్నాం."

హెబ్రోను తలెత్తాడు. "అందుకా చల్లబడలా? నేను నిప్పు చాల్లేదనుకున్నా."

"నిప్పు ఎక్కువైతే ఏతం తొక్కేవాణ్ణి కొరడాతో కొట్టినట్టు. వాడు పడిపోతాడు గానీ నీళ్ళు రావు."

"ఇంజనులో కూడా నల్ల పొగ వచ్చినాదంటే డ్రైవరు తిడతాడు, గాలి చాలకుండా బొగ్గు తగలేసినావురా అని. నాకు ఇంట్లో గుర్తు రాలా," అన్నాడు హెబ్రోను. అన్నాక చిన్నగా నవ్వాడు. "ఈడ డ్రైవరు నువ్వేనమ్మే. నేను బొగ్గు వేసేవాణ్ణి."

ఎస్తేరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒక్కసారి. మళ్ళీ ఎవురికైనా తల నొప్పి అన్నారో, గొడ్డలి నేనే తీస్తా."

హెబ్రోను బిట్రగుంటకు కబురు పంపి ఇంకో రెండు దినాలు ఆగాడు. పెట్టెను లోపలి గదిలోంచి వసారాలోకి మార్చారు. అక్కడ పైన పెంకులే, తాటాకు లేదు. తూర్పున నడుమెత్తు గోడ ఉంది కాబట్టి సముద్రపు గాలి నేరుగా తగలదు, మిగతా వైపులు తెరిపి. వెనక గోడకు ఆనించకుండా మనిషి చెయ్యి దూరేంత ఎడం వదిలారు. ఆ వేడి గాలి పైకి పోవాలి కదా.

నేల దగ్గర మళ్ళీ ఇంకో చిక్కు వచ్చింది. కడిగిన నీళ్ళు బయటికి పోయేందుకు ఆ ఊళ్ళో వసారాలన్నీ తూము వైపు వాలుగానే వేస్తారు. కంటికి తెలిసేది కాదు. ఎలిశబెతు పెట్టె మీద పళ్ళెం పెట్టి నిండా నీళ్ళు పోసింది. నీళ్ళు ఒక అంచునుంచే కారాయి. హెబ్రోను ఆ వైపు చెక్క ముక్కలు దూర్చి, మళ్ళీ పోసి, మళ్ళీ దూర్చాడు. నీళ్ళు నాలుగు అంచుల మీదా సమానంగా నిలిచేదాకా ఒప్పుకోలేదు.

"నా పళ్ళేనికి ఎప్పుడూ ఇంత భోగం లేదు," అంది ఎస్తేరమ్మ. ఆ మాట అన్నాక ఆమె అక్కడే కూర్చుంది, లేవలేదు.

పొగగొట్టంలో పేరుకున్న మసిని కొబ్బరి పీచుతో దులిపారు. నల్లబడిన వత్తి కొసను సమంగా కత్తిరించారు. కిరసనాయిలు దీపం ఆరి ఉండగానే పోశారు, ఒలికింది తుడిచి ఆ గుడ్డను దూరంగా పారేశారు. ఇక చేసేదేమీ లేదు. పెట్టె తన పాటికి తాను నిలబడింది. చెంచమ్మ పాలు పోసేందుకు వచ్చి చూసి, "ఏంది, బళ్ళో తప్పు చేసిన పిల్లోణ్ణి మాదిరి నిలబెట్టినారు?" అంది.

"అవునక్కా, ఒక దినం శిక్ష," అంది ఎలిశబెతు.

మర్నాటి సాయంత్రం దీపం ఎలిశబెతే వెలిగించింది. ఈసారి జనం లేరు. వత్తి తగ్గించి, తగ్గించి, మంట చుట్టూ ఒకే తీరుగా నీలంగా నిలిచాక చెయ్యి తీసేసింది. హెబ్రోను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, వాటిమీద అతనికి నమ్మకం లేనట్టు.

"ముట్టుకోలేదు. చూసినావు గదా, ముట్టుకోలేదు."

"లోపల చెయ్యి కూడా పెట్టొద్దు. తలుపు తీసేకొద్దీ చలి పోతాది. రేపు తెల్లారినాక చూద్దాం."

తెల్లవారి ముందుగా లేచింది ఎస్తేరమ్మ. పొయ్యి రాజేయకుండా వసారాలోకి వచ్చి, ముందు వెనక వంగి మంట చూసింది, గాలి పీల్చి చూసింది, తర్వాత కూతుర్ని లేపింది. ఎలిశబెతు తలుపు తీసింది. లోపలినుంచి వచ్చిన చలి వాళ్ళ పాదాల మీద పడింది. పైన చిన్న అర లోహం మీద ఉప్పు పేరినట్టు తెల్లగా మంచు. ఎస్తేరమ్మ వేలితో గీరి నాలుక మీద పెట్టుకుని, ఉలిక్కిపడి, మళ్ళీ గీరింది. థర్మామీటరు డాక్టరమ్మ చెప్పిన గీతల మధ్యే నిలబడింది. మందు ఎక్కడ పెట్టాలో కూడా ఎలిశబెతు అప్పుడే చూసి పెట్టుకుంది. మంచు పక్కన కాదు, గడ్డకడితే మందు పాడవుతుంది. కింది అరలో.

ఆ మధ్యాహ్నం హెబ్రోను బిట్రగుంట వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు మంట చూసుకుంటూ వారం గడిపారు. థర్మామీటరు కదలలేదు. డాక్టరమ్మ పరీక్ష కోసం ఐసు థర్మాస్‌లో ఇచ్చి పంపిన ఒక్క సీసాలోంచే ఎలిశబెతు రోజూ సూది వేసుకుంది, మిగిలిన మందు తేటగానే ఉంది. దాన్ని తీసుకుని ఇద్దరూ పొద్దుటి బస్సుకు నెల్లూరు వెళ్ళారు.

డాక్టరమ్మ సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. ఎలిశబెతు ఏమీ దాచలేదు. మొదటి సాయంత్రం ఏం జరిగిందో, ఎవరెవరికి తల నొప్పి వచ్చిందో, తాతను ఎట్లా లాగారో అంతా చెప్పింది. డాక్టరమ్మ మొహం గంభీరమైపోయింది.

"ఇది దీపం మీద బతికే యంత్రం. నువ్వు పొద్దుననుంచి సాయంత్రందాకా బళ్ళో ఉంటావు. ఆ దీపం ఎవరు చూస్తారు? అదే నా భయం."

ఎస్తేరమ్మ ముందుకు వచ్చింది.

"నేను చూస్తానమ్మా."

"మీరా? దాన్ని సముద్రంలో పారెయ్యమన్నది మీరే కదా. ఏం చూస్తారు?"

"మంట శంఖుపువ్వు రంగులో ఉండాలమ్మా. పసుపు తిరిగితే ఆర్పేసి వత్తి కత్తిరించాల. వెలగతా ఉండంగా నూనె పొయ్యకూడదు. దాని చుట్టూ గుడ్డలు ఆరెయ్యకూడదు, సంచులు కుక్కకూడదు. దాని ముందర తలుపు వేసుకొని కూర్చోకూడదు, అయ్యగారు వచ్చినా సరే. తల నొచ్చినాదంటే జబ్బు అనుకోకూడదు, ముందు బయటికి రావాల, తర్వాతే బెల్లం నీళ్ళు. మందు మంచు పక్కన పెట్టకూడదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇంకా ఏమన్నా ఉంటే చెప్పండి, అదీ చేస్తా. నా బిడ్డ నా ఇంట్లో ఉండాల."

డాక్టరమ్మ సీసాను బల్ల మీద పెట్టింది. తర్వాత నర్సును పిలిచి, నెలకు సరిపడా సీసాలు తెప్పించి, ఐసు ముక్కలు వేసిన థర్మాస్‌లో గుడ్డ చుట్టి పెట్టించింది. ఎలిశబెతు చెయ్యి చాచింది. ఎస్తేరమ్మ ఆ చేతిని పక్కకు నెట్టి థర్మాస్‌ను తానే చంకలో పెట్టుకుంది.

"సోమవారం బడి తెరుస్తారు కదూ?" అంది డాక్టరమ్మ.

"అవునండీ," అంది ఎలిశబెతు. రెండు చేతులూ జోడించింది.

వాకిట్లో ఎస్తేరమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని తొందరపడుతోంది.

"బిరాన రామ్మే, పదిన్నర బస్సు పోతాది. చెంచమ్మని మంట దగ్గర కూర్చోపెట్టి వచ్చినా. అది మంట చూడమంటే ఐసు కోసం మాటిమాటికీ తలుపు తీస్తా ఉంటాది."

ఎలిశబెతు కళ్ళు తుడుచుకుని తల్లి వెనక పరుగున నడిచింది.